ముందు కారు, తర్వాత వాదన

రాత్రి పదకొండింటికి పెట్టిన కారు పొద్దున ఏడింటికి అక్కడ ఉండదు. మనిషి ముందు తననే అనుమానించుకుంటాడు. నిన్న ఇక్కడే పెట్టానా, వెనక బిల్డింగు దగ్గర పెట్టానా అనుకుంటూ, కీ బటన్ నొక్కుతూ లాట్ అంతా ఒక చుట్టు తిరుగుతాడు. ఎక్కడా హారన్ మోగదు. రెండో చుట్టు పూర్తయ్యేసరికి అనుమానం పోయి కోపం మొదలవుతుంది. లీజింగ్ ఆఫీసు ఇంకా తెరవలేదు. తొమ్మిదింటికి మీటింగు ఉంది. ఇంట్లోంచి భార్యో, రూమ్మేటో "నేను అప్పుడే చెప్పాను" అంటారు.

ఈ అధ్యాయం ఆ గంటలో ఏం చేయాలో, ఆ తర్వాతి రెండు మూడు వారాల్లో ఏం చేయాలో చెబుతుంది. టో అయిన కారును వెనక్కి తెచ్చుకోవడం బ్రహ్మవిద్యేమీ కాదు. డబ్బు, కాగితం, కాస్త ఓపిక ఉంటే చాలాసార్లు ఆ రోజే ఇంటికి వస్తుంది. కష్టమల్లా రెండు పనుల్ని కలిపేయకుండా ఉండటమే. కారు తెచ్చుకోవడం ఒక పని. జరిగింది అన్యాయమని తేల్చుకోవడం ఇంకో పని. మొదటిదానికి రోజు లెక్కన అద్దె పెరుగుతూ ఉంటుంది. రెండోదానికి చట్టమే గడువు ఇచ్చింది, తీరిగ్గా కూర్చుని చేసుకోవచ్చు. మనవాళ్లు చాలామంది ఆ రెండో పనిని కూడా, టో చేసిన కార్లు ఉంచే యార్డు కౌంటరు దగ్గరే ముగించాలని చూస్తారు. కౌంటరు వెనక కూర్చున్న మనిషికి మీ కారు తీసుకెళ్లడం తప్పో ఒప్పో తేల్చే అధికారం లేదు. అతనితో ఎంత గట్టిగా వాదించినా గొంతు బొంగురుపోవడం తప్ప ఒరిగేది లేదు.

అమెరికాలో టోయింగ్ చట్టాలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి కాబట్టి నేను టెక్సస్‌ను పట్టుకుని చెబుతాను. డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో, రిచర్డ్‌సన్, డెంటన్ అపార్టుమెంట్లలో తెలుగు వినబడని కారిడార్ వెతకాలి. పైగా టెక్సస్ చట్టం కొంత మెరుగ్గా, స్పష్టంగా ఉంటుంది. వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్లు పద్ధతి ఇక్కడినుంచి తీసుకుని, అంకెలు తమ రాష్ట్రానివి చూసుకోవాలి.

హైదరాబాదులోనో విజయవాడలోనో అపార్టుమెంటులో పెరిగినవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. బండి అడ్డంగా పెడితే వాచ్‌మన్ ఇంటర్‌కమ్‌లో పిలుస్తాడు: "సార్, 302 వాళ్లు బయటికెళ్లాలంట, మీ బండి కొంచెం తీయాలి." లుంగీతోనే కిందికి దిగి తీసేస్తాం. వాళ్లు ఓ మాట అంటారు, మనం ఓ నవ్వు నవ్వుతాం, అక్కడితో సరి. అమెరికా అపార్టుమెంటులో ఆ వాచ్‌మన్ లేడు. గేటు దగ్గర ఎర్ర అక్షరాల బోర్డు ఉంటుంది. టెక్సస్ చట్టం ప్రకారం సరైన బోర్డు సరైన చోట పెడితే మీకు చెప్పినట్టే లెక్క. ఎవరూ ఫోన్ చేయరు, తలుపు కొట్టరు. "ఒక్క మాట చెబితే తీసేవాణ్ణి కదా" అన్న బాధ నిజమైనదే, దాన్ని నేను కొట్టిపారేయను. కానీ కోర్టులో దానికి విలువ లేదు. కొలరాడో శాసనసభ మాత్రం ఆ బాధను అర్థం చేసుకుంది. 2022లో అక్కడ చేసిన చట్టం ప్రకారం అపార్టుమెంట్లలాంటి చోట్ల చాలా సందర్భాల్లో కారు తీసుకెళ్లడానికి 24 గంటల ముందు దాని మీద నోటీసు అంటించాలి. ఫైర్ లేన్, దారికి అడ్డం వంటివాటికి మినహాయింపు. టెక్సస్‌లో ఉన్నవాళ్లు అలాంటి కబురు కోసం ఎదురుచూడకూడదు.

ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో తెలిస్తే కోపం సగానికి సగం దిగుతుంది. అపార్టుమెంటు యాజమాన్యం మామూలుగా టోయింగ్ కంపెనీకి డబ్బు ఇవ్వదు. కంపెనీ ఆదాయమంతా కారు విడిపించుకోవడానికి వచ్చేవాళ్ల జేబులోంచే రావాలి. అందుకే ట్రక్కు అర్ధరాత్రి దాటాక, అందరూ నిద్రలో ఉన్నప్పుడు తిరుగుతుంది. యాజమాన్యం ఆ కంపెనీ దగ్గర వాటాగానీ, బహుమతిగానీ, ఏ రూపంలోనైనా ప్రతిఫలం తీసుకోవడాన్ని టెక్సస్ చట్టం నిషేధించింది. అలాంటి ప్రలోభం ఉంటుందని తెలిసే ఆ నిషేధం పెట్టారు. ఇందులో మీకు పనికొచ్చే విషయం ఒకటుంది: ట్రక్కువాడికి మీరెవరో తెలియదు. అతను చూసింది పర్మిట్ లేని అద్దాన్ని. "పక్కింటావిడ కంప్లైంట్ చేసుంటుంది, మన పోపు వాసన ఆమెకు పడదు" అని మొదలుపెట్టి, సాయంత్రానికి ఆవిడ హలో అంటే కూడా పలకకుండా వెళ్లిపోయేవాళ్లుంటారు. ఆధారం లేని ఆ పగ వల్ల టోయింగ్ ఛార్జీ తగ్గదు, పొరుగు మాత్రం పోతుంది.

మొదటి గంటలో చేయాల్సింది కారు ఎక్కడుందో కనుక్కోవడం. అది టో అయిందా, దొంగలు పట్టుకెళ్లారా, వాయిదాలు కట్టక లోన్ ఇచ్చినవాళ్లు పట్టుకెళ్లారా, ఈ మూడింటికీ దారులు వేరు. గేటు దగ్గర బోర్డు మీద ఉన్న నంబరుకు ముందు ఫోన్ చేయండి. ఆ నంబరు 24 గంటలూ పలకాలని చట్టం. అక్కడ దొరకకపోతే పోలీసుల నాన్-ఎమర్జెన్సీ నంబరుకు చేయండి. టో చేసిన ప్రతి కారు వివరాలు స్టోరేజ్ యార్డు వాళ్లు రెండు గంటల్లో పోలీసులకు తెలపాలి కాబట్టి నంబర్ ప్లేట్ చెబితే వాళ్ల దగ్గర సమాచారం ఉంటుంది. 911కి మాత్రం చేయకండి. అది ప్రాణాపాయానికి. టో అయిన కారును పోయిందని ఫిర్యాదు చేస్తే, తర్వాత దాన్ని సరిదిద్దుకోవడం ఇంకో తలనొప్పి.

ఫోన్‌లో అడగాల్సినవి కాగితం మీద రాసుకునే అడగండి. యార్డు చిరునామా ఏమిటి, మొత్తం ఎంతవుతుంది, ఏ కాగితాలు తేవాలి, ఎన్ని గంటలకు టో చేశారు, ఎవరు చేయమన్నారు. చెప్పిన మనిషి పేరు కూడా రాసుకోండి. ఫోన్ పెట్టేశాక బయలుదేరే ముందు లాట్‌లోకి వెళ్లి ఫొటోలు తీయండి. దీనికి పావుగంట పడుతుంది, మూడు వారాల తర్వాత ఆ పావుగంటే మిమ్మల్ని గెలిపించవచ్చు. మీరు కారు పెట్టిన గడి, దాని చుట్టూ ఉన్న గీతలు, లోపలికొచ్చే ప్రతి దారి దగ్గరా ఉన్న బోర్డు, బోర్డు లేని దారి ఉంటే ఆ ఖాళీ. ఆ బోర్డులు ఎలా ఉండాలో టెక్సస్ చట్టం అంగుళాలతో సహా చెప్పింది: 18 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు. కింది అంచు నేలనుంచి అయిదడుగులకు తగ్గకుండా, ఎనిమిది అడుగులకు మించకుండా ఉండాలి. ట్రక్కు కారును లాగుతున్న ఎర్ర గుర్తు ఉండాలి. లోపలికొచ్చే డ్రైవరుకు ఎదురుగా కనిపించాలి. అక్కడ ఎవరు పార్క్ చేయవచ్చో, కారు ఎక్కడికి తీసుకెళ్తారో తెలుసుకునే నంబరేదో రాసి ఉండాలి. చెట్టుకొమ్మ బోర్డును కప్పేసి ఉంటే ఆ కొమ్మను కూడా ఫొటో తీయండి. వచ్చే వారం తోటమాలి దాన్ని కొట్టేయవచ్చు.

కారును ట్రక్కుకు తగిలిస్తుండగానే మీరు చూస్తే పరిస్థితి వేరు. మూడో అంతస్తు బాల్కనీలోంచి చూసి చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చినవాళ్లున్నారు. అలా పరుగెత్తడం మంచిదే. కారును పూర్తిగా పైకెత్తి, గొలుసులు, లైట్లు బిగించి, ఇక కదలడమే తరువాయి అనే స్థితికి రాకముందే మీరు వచ్చి తీసుకుంటానంటే డబ్బు అడగకుండా వదలాలి. ఆ స్థితికి వచ్చాక, ట్రక్కు లాట్ దాటకముందు వస్తే డ్రాప్ ఫీజు అని ఒకటుంటుంది. అది కట్టి అక్కడికక్కడే కారు దింపించుకోవచ్చు. మామూలు కార్లకు ఆ ఫీజు పూర్తి టోయింగ్ ఛార్జీలో దాదాపు సగం. చెల్లించి రసీదు తీసుకోండి.

ఇక్కడే ఒక హెచ్చరిక ఉంది. ఈ అధ్యాయంలో మిగతాదంతా మరిచిపోయినా ఇది గుర్తుంచుకోండి. ట్రక్కుకు అడ్డంగా నిలబడకండి. తగిలించిన కారులోకి ఎక్కి కూర్చోకండి. గొలుసు విప్పబోకండి. డ్రైవరు మీద చెయ్యి వేయకండి, అతని ఫోను లాక్కోకండి. టోయింగ్ గొడవ అంతవరకూ డబ్బు వ్యవహారం, సివిల్ తగాదా. మీరు చెయ్యి ఎత్తిన క్షణంలో అది క్రిమినల్ కేసు అవుతుంది. స్టూడెంట్ వీసా మీదో, హెచ్-1బీ మీదో ఉన్నవాళ్లకు ఒక అరెస్టు ఎంత దూరం వెంటాడుతుందో, ప్రతి వీసా స్టాంపింగ్‌లోనూ, ప్రతి దరఖాస్తులోనూ ఎన్ని ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలో ఆలోచించండి. రెండు మూడు వందల డాలర్ల కోసం అంత పణం పెట్టకూడదు. మీ పని వీడియో తీయడం. ట్రక్కు పక్కన రాసి ఉన్న కంపెనీ పేరు, లైసెన్సు నంబరు పడేలా తీయండి. అంతకుమించి ఒక్క అడుగు కూడా వేయకండి.

దీనికి విరుద్ధమైన భయం ఒకటి మనవాళ్లలో చూస్తుంటాను. కోర్టు అన్న మాట వినగానే "వద్దు బాబూ, గ్రీన్ కార్డు ప్రాసెస్‌లో ఉంది" అంటారు. టో హియరింగు సివిల్ వ్యవహారం. అందులో మీరు ముద్దాయి కాదు, అర్జీ పెట్టుకున్నవాళ్లు. ఓడిపోయినా మీ మీద నేరం పడదు. చేయకూడని చోట ధైర్యం చేసి, చేయదగిన చోట భయపడటం మనకు అలవాటైపోయింది.

యార్డుకు వెళ్లేటప్పుడు ఫొటో ఐడీ, కారు మీదేనని చూపే కాగితం ఏదో ఒకటి తీసుకెళ్లండి: టైటిల్, రిజిస్ట్రేషన్, మీ పేరున్న ఇన్సూరెన్సు కార్డు. అవన్నీ కారు గ్లవ్ బాక్సులోనే ఉన్నాయా? చాలామందికి అక్కడే ఉంటాయి. వాటిని తీసుకోవడానికి యార్డువాళ్లు మిమ్మల్ని అనుమతించాలి. చిక్కంతా విద్యార్థుల దగ్గర వస్తుంది. సీనియరు చదువు ముగించుకుని వేరే రాష్ట్రానికి వెళ్తూ తన పాత కరోలా అమ్ముతాడు. డబ్బు జెల్లేలో వెళ్లిపోతుంది, తాళాలు చేతికొస్తాయి, టైటిల్ మార్పిడి మాత్రం "వచ్చే వారం చేద్దాంలే" దగ్గర ఆగిపోతుంది. ఆర్నెల్ల తర్వాత కారు టో అవుతుంది. యార్డు రికార్డులో ఉన్నది సీనియరు పేరు, అతను ఇప్పుడు సియాటిల్‌లో మీటింగులో ఉన్నాడు. అలాంటప్పుడు కారు మీ స్వాధీనంలో ఉండాల్సినదేనని ప్రమాణపూర్వకంగా రాసిచ్చే అఫిడవిట్ ఫారం ఒకటుంది. రాష్ట్ర లైసెన్సింగ్ శాఖ, అంటే అందరూ టీడీఎల్ఆర్ అనే సంస్థ, దాన్ని తయారు చేసిపెట్టింది. దాంతో బయటపడవచ్చు. కానీ అందులో రాసే ప్రతి మాటకూ మీరే బాధ్యులు. కారు కొన్న వారంలోనే సీనియరుతో కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు వెళ్లి టైటిల్ మార్పించుకుంటే ఈ బాధ ఉండదు.

డబ్బు సంగతికొద్దాం. ప్రైవేటు స్థలంలోంచి మామూలు కారును టో చేస్తే టెక్సస్‌లో గరిష్ఠ ఛార్జీ 250 డాలర్లు దాటుతుంది. కొన్ని నగరాలు అంతకంటే తక్కువ పరిమితి పెట్టుకున్నాయి. దానికి రోజుకు 20 డాలర్ల పైచిలుకు నిల్వ అద్దె, ఇంపౌండ్‌మెంట్ ఫీజు తోడవుతాయి. ఆలస్యమైతే మీకు ఉత్తరం పంపినందుకు నోటీసు ఫీజు 50 డాలర్ల దాకా పడుతుంది. ఈ పరిమితుల్ని ప్రభుత్వం అప్పుడప్పుడు సవరిస్తుంది కాబట్టి, క్యూలో నిలబడి ఉండగానే టీడీఎల్ఆర్ సైటులో తాజా అంకె చూసుకోండి. యార్డు లెక్కలో రోజంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా. రాత్రి పదింటికి చేరిన కారుకు తెల్లారేసరికి రెండు రోజులు అయినట్టే కదా అనిపిస్తుంది. కానీ కారు అక్కడున్నది 12 గంటలలోపైతే ఒక రోజుకు మించి వసూలు చేయకూడదు. బిల్లులో రెండు రోజులు వేస్తే ఆ నిబంధన గుర్తుచేయండి, గొంతు పెంచకుండా. క్యాష్ మాత్రమే తీసుకుంటామన్నా అంతే. క్రెడిట్, డెబిట్ కార్డులు తీసుకోవడం వాళ్లకు తప్పనిసరి. రాత్రి వేళ మూసేశాం, రేపు రండి అన్నా పూర్తిగా నమ్మకండి. ఇరవైనాలుగు గంటలూ కార్లు లోపలికి తీసుకునే యార్డు, గంట ముందు చెబితే ఏ వేళైనా కారు ఇవ్వగలగాలి.

కార్డు గీకే ముందు కారు చుట్టూ తిరిగి వీడియో తీయండి. బంపర్లు, చక్రాలు, కింది భాగం. నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న కారును రెండు చక్రాల మీద ఈడ్చుకెళ్తే గేర్ బాక్సు దెబ్బతినే ప్రమాదముంది కాబట్టి స్టార్ట్ చేసి, యార్డులోనే నాలుగు గజాలు నడిపి చూడండి. శబ్దం వస్తే గేటు దాటకముందే చెప్పి, రాతలో పెట్టించండి. బయటికి వచ్చాక ఆ గీత ఎక్కడ పడిందో నిరూపించడం మీ తరం కాదు.

డబ్బు కట్టడమంటే తప్పు ఒప్పుకోవడం కాదు. టెక్సస్‌లో డబ్బు కట్టి కారు తెచ్చుకున్నాక కూడా హియరింగు అడిగే హక్కు అలాగే ఉంటుంది. ఈ ఒక్క సంగతి తెలియక యార్డు ముందు భీష్మించుకుని కూర్చునేవాళ్లుంటారు. "కడితే ఓడిపోయినట్టే" అంటారు. వాళ్లు కూర్చున్నంతసేపూ అద్దె పెరుగుతుంది. కట్టండి. రసీదు, దాంతోపాటు ఇచ్చే హక్కుల కాగితం భద్రంగా తెచ్చుకోండి. ఆ కాగితంలో కోర్టు చిరునామా ఉంటుంది.

ఇంటికొచ్చి స్నానం చేసి, కాఫీ తాగి, అప్పుడు ఆలోచించండి: అసలు తప్పు ఎవరిది? ఇక్కడ మీతో మీరు నిజాయితీగా ఉండాలి. ఫైర్ లేన్‌లో అయిదు నిమిషాలకని పెట్టి రాత్రంతా వదిలేశారా? చెత్త డబ్బా దారికి అడ్డంగా పెట్టారా? ఇద్దరికి పర్మిట్ ఉన్న ఇంట్లో అయిదుగురుండి, మూడో కారును రోజూ విజిటర్ పార్కింగ్‌లో దాస్తున్నారా? అలాగైతే ఈ అధ్యాయం ఇక్కడితో ఆపి, డబ్బు పోయిందనుకుని పడుకోండి. ఆ తెలివితేటలకు అద్దె ఎప్పుడో ఒకప్పుడు కట్టక తప్పదు.

కానీ నిజంగా అన్యాయం జరిగిన సందర్భాలు ఉంటాయి, వాటిని వదలకూడదు. పర్మిట్ అద్దం మీద కనబడుతూనే ఉంది, అయినా తీసుకెళ్లారు. ఒక దారి దగ్గర బోర్డే లేదు. పరిమితి కంటే ఎక్కువ వసూలు చేశారు. రిజిస్ట్రేషన్ స్టిక్కరు గడువు దాటిందన్న ఒక్క కారణంతో తీసుకెళ్లారు. ఈ చివరిదాని గురించి చాలామందికి తెలియదు. గడువు తీరిన స్టిక్కరు ఉన్న కారును తీసుకెళ్లవచ్చని లీజులో రాసుకున్నా, ముందుగా పది రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలనే షరతు అందులో ఉంటేనే ఆ నిబంధన చెల్లుతుంది. ఇంకొకటి, నిన్నటిదాకా లేని పార్కింగ్ రూలు ఇవాళ పుట్టుకొస్తుంది. టెక్సస్ ప్రాపర్టీ కోడ్ ప్రకారం పార్కింగ్, టోయింగ్ రూల్సు ఉంటే లీజు మీద సంతకానికి ముందే వాటి ప్రతి ఇవ్వాలి. మధ్యలో మారిస్తే రాతపూర్వకంగా తెలపాలి. నిర్మాణ పనులు, నీళ్లూ కరెంటూ వంటివాటి అత్యవసరాలు తప్పిస్తే, ఆ నోటీసు అందిన 14వ రోజుదాకా కొత్త రూలు అమల్లోకి రాదు. నోటీసు అందిందని రుజువు చేయాల్సింది యాజమాన్యమే. అలా చేయకపోతే టోయింగ్, నిల్వ ఖర్చులతోపాటు 100 డాలర్ల జరిమానా మీకు ఇవ్వాల్సి వస్తుంది. లీజు పీడీఎఫ్ తెరిచి పార్కింగ్ పేజీ వెతకండి. సంతకం పెట్టిన రోజు ఆ పేజీ చదివినవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు.

కోర్టుకు వెళ్లేముందు లీజింగ్ ఆఫీసుకు ఒక ఈమెయిలు రాయండి. నోటిమాట వద్దు, ఈమెయిలే. అందులో తిట్లు, "పదేళ్లుగా అద్దె కడుతున్నాను" లాంటి నిష్ఠూరాలు అక్కర్లేదు. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ గడిలోంచి, ఏ పర్మిట్ నంబరున్న కారు తీశారో, ఎంత కట్టారో, ఏ నిబంధన ఉల్లంఘించారో, డబ్బు ఏ తేదీలోపు వెనక్కి కావాలో, అంతే. ఫొటోలు జోడించండి. నిజంగా వాళ్ల పొరపాటే అయితే చాలాసార్లు మేనేజరు టోయింగ్ కంపెనీకి ఫోన్ చేసి డబ్బు ఇప్పిస్తుంది, లేదంటే అద్దెలో తగ్గిస్తుంది. రోజూ ముఖం చూసుకునే మనుషులతో ముందు ఆ అవకాశం ఇవ్వడం మర్యాద కూడా. కానీ వాళ్ల జవాబు కోసం గడువు దాటనీయకండి.

ఆ గడువు కారు యార్డుకు చేరినప్పటినుంచి 14 రోజులు. శని, ఆదివారాలు, సెలవులు లెక్కలోకి రావు. కోర్టు వివరాలున్న కాగితం యార్డువాళ్లు మీకు ఇవ్వకపోతే, అది అందినప్పటినుంచి లెక్క మొదలవుతుంది. కారు ఏ కౌంటీలోంచి తీశారో అక్కడి జస్టిస్ కోర్టులో దరఖాస్తు పెట్టాలి. ఇర్వింగ్ అయితే డాలస్ కౌంటీ. ఫ్రిస్కో రెండు కౌంటీల మధ్య ఉంది కాబట్టి చిరునామా చూసుకుని వెళ్లండి. దరఖాస్తుకు కొంత ఫీజు ఉంటుంది. 21 రోజుల్లోపు విచారణ జరగాలి. లాయరు అక్కర్లేదు. జడ్జి ముందుండే ప్రశ్నలు రెండే: ఆ కారును తీసుకెళ్లడానికి తగిన కారణం ఉందా, వసూలు చేసిన డబ్బు పరిమితిలో ఉందా. మీ ఇంటి పరిస్థితి, ఆ రోజు పోయిన ఇంటర్వ్యూ, పిల్లల స్కూలు ఆ ప్రశ్నల్లో లేవు. నిరూపించాల్సిన భారం మీ మీదే ఉంటుంది. అందుకే ఆ పొద్దున పావుగంట ఫొటోలకు కేటాయించమన్నాను. గెలిస్తే కట్టిన డబ్బుతోపాటు ఆ ఫొటోల ఖర్చు కూడా ఇప్పించవచ్చని చట్టంలో రాసి ఉంది. ఓడితే అవతలివాళ్ల కోర్టు ఖర్చులు మీ మీద పడే అవకాశమూ ఉంది కాబట్టి బలం లేని కేసుతో వెళ్లకండి. కంపెనీగానీ యాజమాన్యంగానీ తెలిసీ, లేక బొత్తిగా లెక్కచేయకుండా చట్టాన్ని అతిక్రమించిందని రుజువైతే, వెయ్యి డాలర్లు, దానిపైన వసూలు చేసిన ఫీజుకు మూడు రెట్లు చెల్లించాలి. విడిగా టీడీఎల్ఆర్‌కు ఫిర్యాదు చేయడానికి డబ్బు కట్టక్కర్లేదు. లైసెన్సు పోతుందన్న భయం ఆ కంపెనీలకు జడ్జి కంటే ఎక్కువ.

చుట్టాల కార్ల సంగతి చెప్పకపోతే ఈ అధ్యాయం పూర్తి కాదు. శనివారం సత్యనారాయణ వ్రతం, పదిహేను కుటుంబాలు, విజిటర్ గడులు ఎనిమిది. ఆస్టిన్ నుంచి మూడున్నర గంటలు కారు నడుపుకుని వచ్చిన బావగారు ఖాళీగా కనబడిన రిజర్వుడు గడిలో పెట్టారు. ప్రసాదం తిని కిందికి దిగేసరికి కారు లేదు. అప్పుడు డబ్బు ఎవరు కట్టాలి? ఈ ప్రశ్న వల్ల రాకపోకలు ఆగిన ఇళ్లున్నాయి. నా తీర్పు ఇది: ఎక్కడ పెట్టాలో ముందే చెప్పకపోతే పూర్తిగా పిలిచినవాళ్లదే బాధ్యత. చెప్పినా వినకపోతే వచ్చినవాళ్లది. ఏదైనా సరే, ఆ రాత్రి యార్డుకు తీసుకెళ్లి తీసుకొచ్చేది పిలిచినవాళ్లే. "అన్నయ్యా, మీరు కూర్చోండి, నేను కనుక్కుంటాను" అన్న మాట ఆ డాలర్ల కంటే విలువైనది. వాట్సాప్ ఆహ్వానంలో ముహూర్తంతోపాటు పార్కింగ్ గురించి రెండు లైన్లు రాయండి. ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు, అతిథి కారు నంబరు యాప్‌లో ఎక్కించాలంటే ఎవరికి పంపాలి. భోజనాల లెక్క అడిగేటప్పుడే కారు నంబర్లూ అడగండి.

ఆ రాత్రి ఇంట్లో మరో విచారణ మొదలవుతుంది. స్టిక్కరు నువ్వు అంటించలేదు, యాప్‌లో నువ్వు ఎక్కించలేదు. టోయింగ్ డబ్బు ఒక్కసారి పోతుంది, ఆ మాటలు మాత్రం ఏళ్ల తరబడి పండగలకీ పబ్బాలకీ తిరిగొస్తుంటాయి. కారు ఇల్లు చేరేదాకా తప్పెవరిదన్న మాట ఎత్తకూడదని ఇద్దరూ ఒప్పుకోండి. చేరాక చాలాసార్లు ఎత్తాలనిపించదు.

చివరిగా అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక టోయింగ్ కేసు చెబుతాను. న్యూ హ్యాంప్‌షైర్‌లో పెల్కీ అనే అద్దెదారు హోండా సివిక్‌ను 2007 ఫిబ్రవరి మంచుతుఫాను తర్వాత అపార్టుమెంటు లాట్‌లోంచి టో చేశారు. మంచు ఎత్తడానికి కార్లు తీయాలని అక్కడి రూలు. ఆయన అప్పుడు జబ్బుతో మంచం మీద ఉన్నాడు. ఆ వెంటనే ఆసుపత్రిలో చేరి పాదం తీసే ఆపరేషన్ చేయించుకున్నాడు, ఆ సమయంలోనే గుండెపోటు వచ్చింది. టోయింగ్ కంపెనీ పంపిన ఉత్తరం, ఆ చిరునామాలో మనిషి లేడని తిరిగి వెళ్లిపోయింది. ఆయన లాయరు డబ్బు కట్టి కారు తీసుకుంటామని చెప్పినా వేలం ఆగలేదు. కొనేవాళ్లు రాకపోతే కారును మారకానికి వేరేవాళ్లకు ఇచ్చేశారు, ఆయనకు చిల్లిగవ్వ రాలేదు. ఫెడరల్ రవాణా చట్టం ఉంది కాబట్టి రాష్ట్ర చట్టం కింద మా మీద దావా వేయకూడదని కంపెనీ వాదించింది. 2013 మేలో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ వాదన కొట్టేసింది. తీర్పు రాసింది జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్. పాత సివిక్ కోసం ఆరేళ్లు.

మీ కేసు అంత దూరం వెళ్లనక్కర్లేదు. కానీ టెక్సస్‌లో కూడా యార్డువాళ్లు నోటీసు పంపేది రిజిస్ట్రేషన్‌లో ఉన్న చిరునామాకే. జవాబు రాకపోతే గడువు తీరాక కారు అమ్మేస్తారు. ఏటా లీజు మారేవాళ్లు, ఇండియాకు నెలల తరబడి వెళ్లేవాళ్లు దీన్ని బాగా పట్టించుకోవాలి. డ్రైవర్ లైసెన్సులో అడ్రసు మార్చినంత మాత్రాన కారు రిజిస్ట్రేషన్‌లో మారదు, ఆ రెండూ వేర్వేరు శాఖలు. మీ రిజిస్ట్రేషన్ కాగితం మీద పాత ఇంటి అడ్రసే ఉంటే, ఇవాళే మార్పించండి.